సాదుకోవడానికి కాగితం ఎందుకు?

కటవారియా సరాయ్‌లో నేనుండేది మూడో అంతస్తు. కింద జిరాక్స్ షాపు, పక్కన మెస్, ఎదురు మేడ నిండా గేట్‌కీ ఇంజినీరింగ్ సర్వీసెస్‌కీ చదివే కుర్రాళ్లు. ఇటు నడిస్తే జేఎన్‌యూ, అటు నడిస్తే ఐఐటీ. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఏదో ఒక ఊరి పిల్లలు ఈ సందుల్లో ఎప్పుడూ ఉంటారు. ఆదివారం ఎండుచేపల పులుసు పెడితే ఎవరో ఒకరు వస్తారు. పోయిన నెల అలా వచ్చిన ఒక అమ్మాయి, వరంగల్ వైపు నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తోంది, నా బల్ల మీదున్న కాగితాలు చూసింది.

"ఏందక్కా ఇది? దత్తత తీసుకుంటున్నవా?"

"దత్తత కాదు. ఫాస్టర్ కేర్."

"గదేంది?"

"కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లని మన ఇంట్లో ఉంచుకుని చూసుకోవడం. వాళ్ల పరిస్థితి బాగయ్యేదాకా, లేదంటే పిల్లకి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా."

"అంటే సాదుకునుడే గదా! మా దిక్కు ఇంటికొకరు ఉంటరు. దానికి ఫారమెందుకు?"

నవ్వేసి అన్నం వడ్డించాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన వాడల్లో తరతరాలుగా జరుగుతున్న పనికి ప్రభుత్వ కాగితం ఎందుకు? నాలాంటి ఒంటరి ఆడమనిషి నలభై రెండేళ్ల వయసులో, ఉద్యోగం పర్మినెంటై రెండేళ్లు నిండగానే, ఈ పని ఎందుకు నెత్తికెత్తుకోవాలి? ఈ వ్యాసం ఆ అమ్మాయికి నా జవాబు. మనలో జీతం, అద్దెకైనా ఒక ఇల్లు, కాస్త చదువు సంపాదించుకున్న ప్రతి ఒక్కరూ ఒక్కసారి ఈ ప్రశ్న వేసుకోవాలని నా కోరిక.

నేనూ సాదుకున్న బిడ్డనే. మాది ప్రకాశం జిల్లా. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. నాన్న తాపీపనికి హైదరాబాద్ వెళ్లాడు. ఆర్నెల్లకోసారి వచ్చేవాడు, కొన్నిసార్లు ఏడాదికి. పెద్దమ్మ పొగాకు గ్రేడింగ్‌కి పోయేది. ముగ్గురు సొంత పిల్లలు, నేను నాలుగోదాన్ని. ఆమె నా చేత 'అమ్మా' అని ఎప్పుడూ పిలిపించుకోలేదు. పక్కింటివాళ్లు ఎవరైనా "ఇక నువ్వే దానికి అమ్మవి" అంటే ఒప్పుకునేది కాదు. "దానికి అమ్మ ఉండింది. నేను పెద్దమ్మని" అనేది. అమ్మ ఫొటో గోడమీదే ఉంచింది. అమ్మ ఏ కూర ఇష్టంగా తినేదో, కోపం వస్తే ఎలా మాట్లాడేదో చెప్పేది. నాన్న ఊరికి వస్తే తలకి నూనె రాసి, జడ వేసి, ఆయన ముందు కూర్చోబెట్టేది. నన్ను పెంచుతూనే నావాళ్లను నాకు దూరం కానివ్వలేదు. దీన్నే ఇవాళ బాలల సంరక్షణ నిపుణులు పుస్తకాల్లో రాస్తున్నారు. పెద్దమ్మ వేలిముద్ర మనిషి.

కానీ ఆ వేలిముద్రకు ఆఫీసుల్లో విలువ లేదు. తొమ్మిదో తరగతిలో కులం సర్టిఫికెట్ కోసం ఆమె ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరిగింది. "నువ్వెవరు? తల్లివా? సంరక్షకురాలివని కాగితముందా?" అని వెనక్కి పంపారు. మూడు రోజుల కూలి పోయింది. నాన్న వచ్చేసరికి గడువు దాటి ఆ ఏడాది స్కాలర్‌షిప్ పోయింది. ఇంట్లో ఆమె మాటే చెల్లేది. గుమ్మం దాటితే ఆమె నాకు ఏమీ కాదు. సాదుకోవడానికి కాగితం ఎందుకంటే, నాకు తెలిసిన మొదటి కారణం ఇదే.

రెండో కారణం ఇంకా చేదైనది. మన భాషలో 'పెంచుకోవడం' అనే మాటకు రెండు చరిత్రలున్నాయి. ఒకటి మా పెద్దమ్మది. రెండోది, పేదింటి పిల్లని తెచ్చుకుని "మా ఇంట్లో పిల్లలాగే ఉంటుంది" అంటూ అంట్లు తోమించుకోవడం. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలు బడికి వెళ్తారు, ఈ పిల్ల వాళ్ల క్యారేజీలు కడుగుతుంది. మగపిల్లాడైతే గొడ్లు కాస్తాడు. జీతగాళ్ల వ్యవస్థకు ప్రేమపేరు పెట్టిన సందర్భాలు మన పల్లెల్లో కొల్లలు.

అలాంటి ఒక పెంపకం ఈ దేశమంతా మాట్లాడుకున్న విషయమైంది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాక, ఆయన మరణం కంటే ఆయన కులం మీద ఎక్కువ విచారణ జరిగింది. రోహిత్ తల్లి రాధిక మాల కుటుంబంలో పుట్టి, పసితనంలోనే గుంటూరులో ఒక వడ్డెర కుటుంబంలోకి చేరారు. ఆ ఇంట్లో కూతురిగా కంటే పనిమనిషిగానే పెరిగానని ఆమె చెప్పారు. పెళ్లీ ఆ కులంలోనే జరిగింది. పెళ్లి నిలవలేదు. ఆమె ముగ్గురు పిల్లల్నీ ఒంటరిగా, కుట్టుపని చేసుకుంటూ, తాను పుట్టిన మనుషుల మధ్య పెంచారు. రోహిత్ ఎస్సీగా బతికాడు, ఎస్సీగా అవమానపడ్డాడు. ఆయన పోయాక రాజ్యం అడిగింది ఒకటే: కాగితం ఏది? 2024 మేలో తెలంగాణ పోలీసులు హైకోర్టుకిచ్చిన ముగింపు నివేదికలో రోహిత్ ఎస్సీ కాదన్నారు. నిరసనలు రాగానే మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. నలభై యాభై ఏళ్ల కిందట ఒక పసిపిల్ల ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఎలా వెళ్లిందో ఎక్కడా రాసి లేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ వచ్చి చూడలేదు. బడికి పంపుతున్నారా, పనికి పెడుతున్నారా అని ఆరా తీసిన అధికారి లేడు. ఆ ఖాళీకి మూల్యం రెండు తరాలు చెల్లించాయి.

ఇది ఊళ్ల సంగతే అనుకోవద్దు. నా గది నుంచి పదిహేను నిమిషాలు నడిస్తే దక్షిణ ఢిల్లీ ఖరీదైన కాలనీలు మొదలవుతాయి. జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ ఊళ్ల నుంచి ఏజెంట్లు తెచ్చి ఇళ్లల్లో పనికి కుదిర్చిన ఆడపిల్లల కథలు ఈ నగరం ఎన్నోసార్లు విన్నది. పోలీసులు తలుపు తట్టినప్పుడు యజమానులు చెప్పే మాట కూడా అదే: ఇంటి పిల్లలా చూసుకుంటున్నాం.

అందుకే కాగితం. 2015 నాటి బాల న్యాయ చట్టంలో 44వ సెక్షన్ ఫాస్టర్ కేర్ గురించి చెబుతుంది. పిల్లల్ని ఎవరింట్లో ఉంచాలో తేల్చేది జిల్లా బాలల సంక్షేమ సమితి. దరఖాస్తు పెట్టుకున్న కుటుంబం శక్తి, ఉద్దేశం, పిల్లల్ని చూసుకున్న అనుభవం చూసి ఎంపిక చేయాలి. ఇంటికొచ్చి విచారించాలి. ఉంచాక నెలనెలా వచ్చి చూడాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వీలైనంతవరకూ విడదీయకూడదు. పిల్లకి హానికరమని సమితి భావిస్తే తప్ప, కన్నవాళ్లు వచ్చి చూడొచ్చు. పిల్ల పేరు, పుట్టుక, కులం, సర్టిఫికెట్ అన్నీ పిల్లవే. ఇంటి పేరు మార్చే పని లేదు, వారసత్వం తగాదా లేదు. మా పెద్దమ్మ గోడమీద ఉంచిన ఆ ఫొటోని చట్టం తన భాషలో ఉంచమంటోంది.

ఈ చివరి విషయాన్ని మనవాళ్లు కాస్త ఆగి ఆలోచించాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లకి తన కులం రుజువు చేసుకునే కాగితం పోవడమంటే చదువు, ఉద్యోగం, రక్షణ చట్టం మూడూ పోవడమే. తల్లిదండ్రులెవరో తెలియని పిల్లల సంగతి వేరు. పదేళ్లలోపు అమ్మానాన్నల్ని కోల్పోయి దిక్కులేనివాళ్లైన పిల్లల్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే బీసీ-ఏ జాబితాలో చేర్చారు. కానీ పుట్టుక తెలిసిన పిల్లకి దాన్ని చెరిపేసే హక్కు ఎంత ప్రేమగల ఇంటికీ లేదు. ఫాస్టర్ కేర్ పిల్లని తెచ్చుకుంటుంది, చరిత్రని చెరపదు.

ఇక అసలు అవసరం ఎంత? కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ జరిపించిన సర్వే నివేదిక 2018లో బయటకొచ్చింది. దేశంలో 9,589 బాలల సంరక్షణ సంస్థలు, వాటిలో దాదాపు 3.7 లక్షల పిల్లలు ఉన్నట్టు అది లెక్కతేల్చింది. దత్తతకి వెళ్తున్నవాళ్లెంతమంది? 2024-25లో 4,515. అదే రికార్డని గొప్పగా ప్రకటించారు. దత్తత కోసం ముప్పై వేలకు పైగా దరఖాస్తుదారులు వరసలో ఉన్నారు. ఎక్కువమందికి కావలసింది రెండేళ్లలోపు ఆరోగ్యవంతమైన పసికందు. హోమ్‌లో ఉన్న తొమ్మిదేళ్ల పిల్ల కోసం, పన్నెండేళ్ల పిల్లాడి కోసం ఆ వరసలో నిలబడినవాళ్లు బహు తక్కువ. అసలు హోమ్‌లో ఉన్నవాళ్లలో చాలామంది అనాథలు కారు. తల్లి జబ్బుపడింది, తండ్రి జైల్లో ఉన్నాడు, వలసలో తప్పిపోయారు, ఇంట్లో కొట్టారు, పెళ్లి చేయబోతే పారిపోయారు. వాళ్లు దత్తతకి రారు. వాళ్లకు కావలసింది కొంతకాలం ఒక ఇల్లు.

ఏ వాడల నుంచి ఆ పిల్లలు వస్తారో నేను చెప్పనక్కర్లేదు. వలస కూలీల పిల్లలు, అప్పుల్లో మునిగినవాళ్ల పిల్లలు, బస్తీల పిల్లలు. మనం పుట్టిన ఇళ్లకు రెండు ఇళ్ల అవతల పుట్టినవాళ్లు.

సంస్థల్ని నేను తిట్టను. మనలో చాలామందిలాగే నేనూ సాంఘిక సంక్షేమ హాస్టల్ అన్నం తిన్నదాన్ని. బాబాసాహెబ్ బహిష్కృత హితకారిణీ సభ పెట్టగానే చేసిన తొలి పనుల్లో షోలాపూర్ హాస్టల్ ఒకటి. హాస్టల్ లేకపోతే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాను. కానీ హాస్టల్ పిల్లకి దసరాకి వెళ్లడానికి ఒక ఇల్లుంటుంది. మా హాస్టల్లో ఇద్దరు అక్కచెల్లెళ్లకి అది లేదు. సెలవులిచ్చిన రోజు మేమంతా పెట్టెలు సర్దుకుంటుంటే వాళ్లు మెట్లమీద కూర్చుని మా పెట్టెలకేసి చూసేవాళ్లు. మొదటి ఏడాది కాపలా మనిషితో హాస్టల్లోనే ఉండిపోయారు. రెండో ఏడాది మా వంటామె వాళ్లని తన ఇంటికి తీసుకుపోయింది. సెలవులయ్యాక వాళ్ల చేతులకి గోరింటాకు ఉంది. ఆ ఏడాదంతా వాళ్లు "మా ఇంటికాడ" అని మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ వంటామె జీతం ఎంతో నాకు తెలుసు. మన జీతం ఎంతో మనకు తెలుసు.

సంస్థలో పిల్లకి అన్నం, బట్ట, బడి దొరకొచ్చు. షిఫ్టు మారగానే మారిపోని ఒక మనిషి దొరకడం కష్టం. జ్వరమొస్తే రాత్రి రెండింటికి నుదురు తడిమేవాళ్లు, "నువ్వు చిన్నప్పుడు ఇలా చేసేదానివి" అని పదేళ్ల తర్వాత గుర్తుచేసేవాళ్లు కావాలి. బాల న్యాయ చట్టం కూడా మూడో సెక్షన్‌లో సంస్థలో ఉంచడాన్ని చివరి మార్గంగానే చూడమంది. మరి మిగతా మార్గాలు తెరవాలంటే ఇళ్లు తెరుచుకోవాలి. ఎవరి ఇళ్లు?

ఇక్కడ మన చరిత్ర మనకు సాయమొస్తుంది. భీమ్‌రావ్‌కి ఐదారేళ్లప్పుడే తల్లి భీమాబాయి పోతే, పెంచింది మేనత్త మీరాబాయి. తర్వాత ఆయనా రమాబాయీ నలుగురు బిడ్డల్ని పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంలో ఉండికూడా, అన్న ఆనందరావు పోయాక ఆయన కొడుకు ముకుంద్ బాధ్యతని బాబాసాహెబ్ తీసుకున్నారు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే సావిత్రీబాయి. జోతిబా, సావిత్రీబాయి 1863లో మోసపోయిన వితంతువుల కోసం తమ ఇంట్లోనే ఆశ్రయం తెరిచారు. అక్కడికి వచ్చిన కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు బిడ్డ యశ్వంత్‌ని తమ బిడ్డగా పెంచి డాక్టర్ని చేశారు. 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు, ముంఢ్వా దగ్గర మహర్ వాడలో జబ్బుపడిన ఒక పిల్లాణ్ని సావిత్రీబాయి తన వీపున మోసుకుని యశ్వంత్ ఆసుపత్రికి తెచ్చింది. ఆ ప్లేగే ఆమెకు సోకింది. మార్చి 10న పోయింది. ఒక బిడ్డ బ్రాహ్మణ స్త్రీకి పుట్టినవాడు, ఇంకో బిడ్డ మహర్ వాడవాడు. కన్న కడుపేదని ఆమె ఎవరినీ అడగలేదు. కటవారియా సరాయ్‌కి దగ్గర్లోనే, సిరి ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాలో ఉన్న కేంద్ర ప్రభుత్వ శిశు సంక్షేమ శిక్షణ సంస్థకి 2025లో సావిత్రీబాయి ఫూలే పేరు పెట్టారు. బోర్డు మీద పేరు మంచిదే. ఆ పేరుకి ఇంకొంచెం పని కూడా కావాలి.

కులం నెత్తురు లెక్కమీద నిలబడుతుందని అంబేద్కర్ 1916లోనే, ఇరవై ఐదేళ్ల వయసులో, కొలంబియాలో చదివిన పత్రంలో వివరించారు. తన వలయం లోపలే పెళ్లి, తన వలయం లోపలే బిడ్డ. 1936లో కుల నిర్మూలన గురించి రాసినప్పుడు కులాంతర వివాహాన్ని అసలైన మందుగా చూపారు, పరాయివాళ్లమనే భావన పోయి అయినవాళ్లమనే భావన పుట్టాలి గనక. పెళ్లి ఒక దారి. నెత్తురు సంబంధం ఏమాత్రం లేని పిల్లకి రోజూ జడవేయడం ఇంకో దారి. సమానత్వం, స్వేచ్ఛల పక్కన ఆయన నిలబెట్టిన మైత్రి సెమినార్ గదిలో చర్చించుకునే మాట మాత్రమే అయితే మనం దాన్ని సగమే చదివినట్టు.

అయితే ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. పేదరికం తల్లి నేరం కాదు. 1999లో, మళ్లీ 2001లో, నల్గొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడా తండాల నుంచి ఆడశిశువుల్ని కొని విదేశీ దత్తతలకు పంపిన వ్యవహారం బయటపడింది. పేదల పిల్లలు ఇతరుల ఇళ్లకు సరఫరా అయ్యే సరుకుగా మారడం అంటే ఏమిటో తెలుగు నేల చూసింది. కేవలం డబ్బులేక పిల్లని వదులుకునే తల్లికి కావలసింది ఆ డబ్బు. మిషన్ వాత్సల్య కింద అలాంటి కుటుంబానికి పిల్ల పెంపకం కోసం నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇచ్చే వీలుంది. ముందు అది ఇప్పించడం మన పని. తల్లి ఒడి ఎలాగూ నిలబెట్టలేమని తేలినప్పుడే ఇంకో ఒడి. మనలో ఎవరికైనా 'పాపం, ఒక పిల్లని ఉద్ధరిద్దాం' అనే ఆలోచన ఉంటే దయచేసి దరఖాస్తు పెట్టొద్దు. ఉద్ధరణ పేరుతో మన వాడల మీద ఇప్పటికే చాలా జరిగింది.

మరి అభ్యంతరాలు. నేను నా మిత్రులకు ఈ మాట చెప్పినప్పుడల్లా వచ్చేవి మూడు.

మొదటిది: "ఇప్పటికే సగం ఊరిని సాదుతున్నాం." నిజమే. మన ఇళ్లలో మొదటి జీతం ఒక్కరిది కాదు. తమ్ముడి ఫీజు, చెల్లెలి పెళ్లి, నాన్న మందులు, మేనకోడలి హాస్టల్. ఈ పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఆధిపత్య కులాల సహోద్యోగులకైతే అర్థమే కాదు. వాళ్ల జీతంతో వాళ్లు ఇల్లు కొంటారు, మన జీతంతో మనం నాలుగిళ్లు నడుపుతాం. ఆ భారం మోస్తున్నవాళ్లని ఇంకోటి ఎత్తుకోమని నేను అడగను. వాళ్లు చేస్తున్నది ఇప్పటికే ఫాస్టర్ కేర్. అన్న బిడ్డనో అక్క బిడ్డనో ఇంట్లో ఉంచుకున్నవాళ్లకు నేను చెప్పేది, బాలల సంక్షేమ సమితికి వెళ్లి ఆ పెంపకానికి ఒక కాగితం తెచ్చుకోమనే. కన్న తల్లిదండ్రులు లేని బంధువుల కుటుంబాన్ని కూడా 44వ సెక్షన్ గుర్తిస్తుంది. మా పెద్దమ్మకి పోయిన ఆ మూడు రోజుల కూలి ఇంకొకరికి పోకూడదు.

రెండోది: "ఒంటరిదానివి, అద్దె ఇల్లు." 2024 దాకా దంపతులకే అవకాశం ఉండేది. ఆ ఏడాది సవరించిన మార్గదర్శకాలు పెళ్లికానివాళ్లకి, భర్తో భార్యో పోయినవాళ్లకి, విడిపోయినవాళ్లకి కూడా దారి తెరిచాయి. ముప్పై ఐదేళ్లు నిండి ఉండాలి. ఒంటరి స్త్రీ ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడికి మగపిల్లాణ్నే ఇస్తారు. ఆరేళ్లు దాటిన పిల్లలకే ఇది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. దత్తతకి అర్హత ఉన్న పిల్ల రెండేళ్లు మనతో ఉంటే, ఆ తర్వాత దత్తత కోరే అవకాశం ఉంది. ఇంతకుముందు అది ఐదేళ్లు. అద్దె ఇల్లైతే ఏం? చట్టం మేడ అడగలేదు. మా ఇంటి యజమాని మాత్రం అడిగాడు. పిల్ల విషయం చెప్పగానే "ఎవరి పిల్ల? ఏ జాతి?" అన్నాడు. పదకొండు నెలల కిందట నన్నడిగిన ప్రశ్నే. ఇల్లు మారాల్సి వస్తే మారతాను. ఢిల్లీలో కులం వల్ల ఇల్లు మారడం నాకు మొదటిసారి కాదు.

మూడోది అన్నిటికంటే బరువైనది: "అలవాటయ్యాక వెళ్లిపోతే?" దీనికి నా దగ్గర ధైర్యవచనం లేదు. నాన్న ఒళ్లు బాగాలేక ఊరికి తిరిగొచ్చేసి, నన్ను తన దగ్గరే ఉంచుకుంటానన్న రోజు పెద్దమ్మ పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. నా బట్టలన్నీ ఉతికి మడత పెట్టింది. అమ్మ ఫొటోని గోడమీంచి తీసి, చీర ముక్కలో చుట్టి, నా సంచిలో పెట్టింది. ఆ గోడమీద తెల్లటి చతురస్రం ఒకటి మిగిలింది. తర్వాత ఎన్నేళ్లైనా ఆమె అక్కడ ఇంకో పటం తగిలించలేదు. నేను సెలవులకి వెళ్తూనే ఉన్నాను. ఆమె పోయేదాకా నాకు రెండు ఇళ్లు. బాధ ఉంటుంది. ఆ బాధ పెద్దవాళ్లం మనం మోయాలి. పిల్ల మోసేదానికంటే అది తేలికే.

విద్యార్థులకు ఒక మాట. మీలో చాలామందికి ముప్పై ఐదు రావడానికి ఇంకా పదేళ్లుంది. మీ చేతిలో ఇంకో పని ఉంది. పద్దెనిమిది నిండగానే హోమ్ నుంచి బయటికొచ్చే పిల్లలకి 21 ఏళ్ల దాకా తర్వాతి తోడ్పాటు ఇవ్వొచ్చని చట్టం చెప్పింది. కాగితం మీద ఉన్న ఆ తోడ్పాటు ఒక సంచితో రైలు దిగిన కుర్రాడికి ఎంత చేరుతుందో మీరు ఊహించగలరు. గది కావాలంటే లోకల్ గార్డియన్ ఎవరంటారు. అడ్మిషన్ ఫారంలో తండ్రి పేరు, తండ్రి ఫోను, తండ్రి ఆదాయం. ఎండాకాలం రాగానే హాస్టల్ ఖాళీ చేయమంటారు. ఈ మూడింటినీ మార్చమని అడగాల్సింది మన అంబేద్కర్ విద్యార్థి సంఘాలే. తల్లిదండ్రుల పేరు తప్పనిసరి కాకూడదు, సెలవుల్లోనూ హాస్టల్లో చోటుండాలి, అధ్యాపకులు లోకల్ గార్డియన్లుగా పేరిచ్చే జాబితా ప్రతి విభాగంలో ఉండాలి. ఫీజుల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం పోరాడిన సంఘాలకి ఇది కొత్త విద్య కాదు.

సహ అధ్యాపకులకి ఇంకో మాట. మనం కుటుంబం, కులం, బంధుత్వం మీద పత్రాలు రాస్తాం. ఫాస్టర్ కుటుంబాల జాబితాలో మన పేర్లు లేకపోతే, పిల్లని ఎవరింట్లో ఉంచాలని సమితి ఆలోచించే రోజున ముందు ఉండేది ఇంకెవరి ఇళ్లో. ఆ ఇంట్లో బాబాసాహెబ్ పటం ఉండదు. గొడ్డుమాంసం తినే ఊరి నుంచి వచ్చానని చెప్పడానికి పిల్ల భయపడుతుంది. తన వాడ పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడని ఇల్లు కూడా పిల్లకి కావలసిన పోషకాహారంలో భాగమే.

నా సంగతి. ఢిల్లీలో నాకు ఇచ్చే పిల్లకి బహుశా తెలుగు రాదు. బీహార్‌దో జార్ఖండ్‌దో ఈ నగరం బస్తీలదో అవుతుంది. నా హిందీ యాస విని నవ్వుతుందేమో. నవ్వనీ. తన భాషలో పాట పాడమంటాను, తన అమ్మ గురించి చెప్పమంటాను. ఫొటో ఉంటే గోడకి మేకు కొట్టే ఉంచాను.

ఆదివారం ఆ వరంగల్ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఇంటికొచ్చి అడిగితే పక్కింటోళ్ల సాక్ష్యం కూడా కావాలంటరా అక్కా?" అంది.

"ఎవరెవరితో కలిసి ఉంటానో అడుగుతారు."

"అయితే మా పేర్లు రాయి. సెలవుల్ల నేనుంట."

రాశాను. ఇంకో రెండు సంతకాలు మిగిలాయి. ఈ వారం పంపిస్తాను. జై భీమ్.